కొత్తగ కొలువుల చేరినోని మొదటి వారం

టౌన్ల దుకాణం నడిపే సేట్లు ఒక మాట ఊకె అంటుంటరు. "ఊర్లకెల్లి వచ్చే పోరగాళ్ళు నిలువరన్నా. నాలుగొద్దులు చేస్తరు, ఐదోనాడు ఫోన్ స్విచాఫ్." ఊర్లెకు పోతే అదే పోరగాళ్ళు ఇంకో మాట చెప్తరు. "గక్కడ ఏం చెయ్యాల్నో ఎవలు చెప్పరే. ఊకె నిలబడితే ఎందుకు నిలబడ్డవంటరు, ఏదన్న ముడితే ఎందుకు ముట్టినవంటరు." ఈ రెండు మాటలు నేను ఇరవై ఏండ్ల సంది వింటున్న. రెండూ అబద్ధం కాదు. ఈ రెండింటి నడుమ పోయేది ఒకటే, మొదటి వారం. ఆ వారం సక్కగ నడిస్తే పిల్లగాడు నిలుస్తడు, సేటుకు మళ్ళ మనిషిని ఎతుక్కునే తిప్పలు తప్పుతది.

అంగట్ల కొత్త ఎద్దును కొన్న రైతు తెల్లారంగనే దాన్ని పొద్దుమూకెదాక దున్నిపియ్యడు. పాత ఎద్దుకు జతగట్టి, ముందుగాల ఉత్త నాగలి తిప్పి, నడక చూస్తడు. దాపట కట్టాల్నా, వలపట కట్టాల్నా అని ఆలోచన చేస్తడు. తన గొంతు దానికి అలవాటయ్యేదాక ఆగుతడు. మనిషిని ఎద్దుతోటి పోలుస్తున్నవేందని నా మీదికి రాకుండ్రి. ఎద్దుకిచ్చే టైమన్న మనిషికియ్యమనే నేను అడుగుతున్న.

పెద్ద కంపెనీలల్ల దీనికి ఆన్‌బోర్డింగ్ అని పేరు. దానికోసం ఒక డిపార్ట్‌మెంటే ఉంటది. మన పిల్లలు చేరేది అసొంటి కాడ తక్కువ. కరీంనగర్ల బట్టల షాపు, సిద్దిపేటల మెడికల్ షాపు, జమ్మికుంటల ఎరువుల దుకాణం, జగిత్యాలల మొబైల్ రిపేరు. నలుగురో ఎనిమిది మందో పనిచేస్తరు. హెచ్.ఆర్. అంటే సేటే, క్యాషియరంటే సేటు బామ్మర్దే. గల్లా దగ్గర కూసున్న మనిషే కొత్తోనికి పని చెప్పాలె, కాగితం రాయాలె, నలుగురికి కలపాలె. తీరిక లేదని ఆయన అంటడు. మూన్నెల్లకొకసారి కొత్త మనిషిని ఎతుకుతందుకు మాత్రం ఎట్ల తీరుతున్నదో నాకు సమజైతలేదు.

చేరకముందే కొన్ని సంగతులు ఫోన్ల చెప్పుకోవాలె. పొద్దున ఎన్నింటికి రావాలె, రాత్రి ఎన్నింటికి ఇడుస్తరు, సెలవు ఏ రోజు, జీతమెంత, ఏ తారీఖు ఇస్తరు, వచ్చినంక ఎవరిని కలవాలె. ఇవి వాట్సాప్ల రెండు లైన్లు పెడితె అయిపోతది. అన్నిట్లకెల్లి బస్సు ముచ్చట ముఖ్యం. ఊరి నుంచి మొదటి బస్సు ఏడున్నరకు ఎల్లి తొమ్మిదింటికి టౌనుకు చేరితే, ఎనిమిదిన్నరకు షట్టరు లేపే కాడ వాడు రోజూ లేటే. మొదటి రోజుకెల్లే "లేటుగాడు" అని పేరు పడతది. 2023 డిసెంబర్ 9 సంది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్ళకు టికెట్ లేకుంటయినంక, ఊర్లకెల్లి పొద్దున పోయి రాత్రి వచ్చే ఆడపిల్లలను మస్తుమందిని చూస్తున్న. టికెట్ ఫ్రీ అయింది గని ఆఖరి బస్సు టైం మారలే. తొమ్మిదింటిదాక షాపుల ఉంచుకొని, ఎనిమిదింటికే ఆఖరి బస్సు పోయే ఊరి పిల్లను "ఎట్లనో పో" అంటే, ఆ పిల్ల వారం తిరుగకముందే మానేస్తది. మానేసింది ఆ పిల్ల కాదు, ఆ టైం పెట్టినోడే మాన్పించిండు.

ఇగ తెచ్చుకోమనే కాగితాల సంగతి. టెన్త్ మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సులు సాలు. కొన్ని కాడ ఒరిజినల్ మెమోలు అడిగి బీరువల పెట్టి తాళమేస్తరు. "నిలుస్తవని గ్యారంటీ ఏంది?" అని అడుగుతరు. ఒరిజినల్ చూపెట్టు, ఆయన చూడంగనే తిరిగి తీస్కో. నీ సదువు కాగితాన్ని కుదువ పెట్టుకునే హక్కు ఏ యజమానికీ లేదు. పోలీసు రిక్రూట్‌మెంటుకో, డిగ్రీ అడ్మిషనుకో మెమో కావాల్సిన నాడు సేటు తిరుపతి పోయిండని, తాళం చెవి ఆయన దగ్గరనే ఉన్నదని ఏడ్చినోళ్ళు నా దగ్గరికి వచ్చిన్రు. సేటు భయం కూడ నాకు ఎరుకే. పని నేర్పినంక పక్క దుకాణపోడు ఐదొందలు ఎక్కువిస్త అంటే పోతడని. దానికి మందు మెమో తాళం కాదు. "మానేయాలంటే పదిహేను రోజుల ముందు చెప్పాలె, తీసేయాలన్నా మేము అట్లనే చెప్తం" అని ఇద్దరూ కాగితం మీద రాసుకుంటే ఒడుస్తది.

కాగితం అనంగనే సేట్లు జంకుతరు, పోరగాళ్ళు సిగ్గుపడతరు. "మనం మనం అనుకున్నంక కాగితాలెందుకు?" అంటరు. అన్నదమ్ములు భూమి పంచుకుంటే కాగితం రాసుకుంటలేరా? 2025 నవంబర్ 21 సంది కేంద్రం నాలుగు లేబర్ కోడ్లు అమలుల పెట్టింది. ఆ కోడ్లతోటి నాకు శానా పంచాయితీ ఉన్నది, అది ఇంకోనాడు రాస్త. గని అండ్ల ఒక ముక్క పనికొచ్చేది ఉన్నది. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే కాడ ప్రతి మనిషికి అపాయింట్‌మెంట్ లెటర్ ఇయ్యాలె. పదిమంది కంటే తక్కువున్న కాడ కూడ ఒక తెల్ల కాగితం సాలు. పేరు, ఏ తారీఖు చేరిండు, ఏ పని, నెలకెంత, ఏ తారీఖున ఇస్తరు, పొద్దున ఎన్నింటి నుంచి ఎన్నింటిదాక, సెలవు ఏ రోజు, మానేటప్పుడు ఎన్నొద్దుల ముందు చెప్పాలె. కింద ఇద్దరి సంతకాలు. దాన్ని ఫోన్ల ఫోటో తీసుకొని ఇద్దరూ దాచిపెట్టుకోవాలె. పావుగంట పని. మన షాపుల చట్టం 1988 నాటిది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, వారంల ఒక పూర్తి సెలవు, ఆపైన చేపిస్తే డబుల్ రేటు అని అండ్ల రాసే ఉన్నది. కాగితం రాసేటప్పుడు ఆ లెక్క ఎదురుంగ పెట్టుకుంటే సేటుకూ మంచిదే.

"మొదటి నెల ట్రైనింగ్, జీతం లేదు" అనే మాట బాగ నడుస్తున్నది. ఇది శుద్ధ తప్పు. గిరాకికి చీర చూపెట్టినవ్, బస్తా మోసినవ్, షట్టరు లేపినవ్, అంటే అది పనే. నేర్సుకుంట చేసినా పనే. కనీస వేతనం అనేది మనిషి నేర్సినంక మొదలు కాదు, పనిల దిగిన నాటికెల్లే మొదలైతది. నెల జీతం మరుసటి నెల 7 తారీఖు లోపు చేతిల పడాలె. మానేసినా, తీసేసినా రెండు పని దినాలల్ల లెక్క తేల్చాలని వేతనాల కోడ్ చెప్తున్నది. "ఐదొద్దులే చేసినవ్, ఏమిస్త?" అంటే, ఐదొద్దుల పైసలు ఇయ్యాలె, గంతే. గ్లాసు పగిలింది, లేటైంది అని కోసుడు కూడ ఇష్టమున్నట్టు కుదరదు. జుర్మానా ఆ నెల జీతంల 3 శాతం దాటొద్దు, అది కూడ మనిషి చెప్పేది ఇన్నంకనే. 12,000 జీతానికి 3 శాతమంటే 360 రూపాయలు. 

ఇప్పుడు మొదటి రోజు. నేను పద్దెనిమిదేండ్లప్పుడు ఒక బట్టల దుకాణంల చేరిన. పేరు రాయ, అది ఇప్పటికీ నడుస్తున్నది. మూడొద్దులు నాకు నీళ్ళు ఎక్కడుంటయో ఎవలు చెప్పలే. టిఫిన్ డబ్బ ఎక్కడ ఇప్పాల్నో తెల్వక మెట్ల మీద కూసోని తిన్న. ఒంటేలుకు పోవాలంటే బస్టాండుదాక పోయి వచ్చేటోన్ని, వచ్చేవరకు "ఎక్కడ తిరుగుతున్నవ్‌రా" అని తిట్లు. దుకాణం ఎన్కనే బాత్రూమున్నదని నాలుగోనాడు ఊడ్సే అవ్వ చెప్పింది. ఆ దుకాణంల నాకు మొదటి సారు ఆమెనే. చీరలు మడత పెట్టుడు కూడ ఆమెనే నేర్పింది. రికార్డులల్ల ఆమె పేరు ఎక్కడ లేదు.

అందుకే నేనేమంటనంటే, కొత్త మనిషి రాంగనే సేటు గల్లా ఇడిసి లేవాలె. వెంబడి తీసుకపోయి బాత్రూమేది, నీళ్ళేడ, సద్ది ఎక్కడ తినాలె, చెప్పులేడ ఇడువాలె, ఫోను ఎక్కడ పెట్టాలె అని చూపెట్టాలె. పనిచేసేటోళ్ళందరికీ పేరు పెట్టి చెప్పాలె. "ఈయన ఫలానా, ఇయ్యాల్టి సంది మనతోటి చేస్తడు" అని. "అరేయ్ కొత్తోడా" అని పిలిస్తే ఆర్నెల్లయినా వాడు కొత్తోడే. ఆడపిల్లను "ఏయ్ పోరీ" అనుడు అసలే బంద్ పెట్టాలె.

కూసునుడు గురించి కూడ మొదటి రోజే చెప్పాలె. కేరళల కోజికోడ్ మిఠాయి బజార్ల బట్టల షాపులల్ల పనిచేసే ఆడోళ్ళకు పది పన్నెండు గంటలు కూసునే దిక్కు లేకుండె, బాత్రూములు లేకుండె. విజి అనే దర్జీ పని చేసే ఆమె వాళ్ళను కూడగట్టి పెణ్‌కూట్టు అనే సంఘం పెట్టింది. మొదలు బాత్రూముల కోసం, తర్వాత కుర్చీల కోసం కొట్లాడిన్రు. ఏండ్ల కొట్లాట తర్వాత 2018ల కేరళ సర్కారు షాపుల చట్టాన్ని సవరించి కూసునే హక్కు ఇచ్చింది. 2021ల తమిళనాడు కూడ అదే బాట పట్టింది. మన దగ్గర గిరాకి లేనప్పుడు స్టూలు మీద కూసున్నా "పెండ్లికొచ్చినవా?" అంటున్నరు. ఒక ప్లాస్టిక్ స్టూలు ఎంతైతది చెప్పుండ్రి.

ఇంకొక ముచ్చట, రాయకపోతే ఈ వ్యాసమే ఒట్టిది. కొత్త మనిషి రాంగనే పక్కపోడు అడిగే మొదటి మాట "ఏ ఊరు?" రెండోది "ఇంటి పేరేంది?" మూడోది సక్కగనే, "మీరేమిట్లు?" ఈ మూడు మాటలల్ల పిల్లగాని జాగ ఖాయమైతది. గల్లా పక్కన నిలబెట్టాల్నా, గోదాంల బస్తాలకాడికి పంపాల్నా అని. ఛాయ్ గ్లాసు వేరే పెట్టే కాడ నేను చూసిన. ఇప్పుడు "హైజీన్" అని పేరు పెట్టి ఒక్కనికే పేపర్ కప్పు ఇచ్చే తెలివి కూడ వచ్చింది. అంటరానితనం పాటించుడు నేరమని 1955 నుంచి చట్టమున్నది. ఎస్సీ, ఎస్టీ మనిషిని నలుగుట్ల కులం పేరు పెట్టి తిడితే అట్రాసిటీ కేసు అయితది. సేటు మొదటి రోజే అందరి ముంగట ఒక్క మాట అంటే సాలు, "నా దుకాణంల కులం అడుగుడు లేదు, గ్లాసులన్నీ ఒక్కటే" అని. ఆ మాట సేటు నోట్లకెల్లి రావాలె. కొత్తగ చేరినోడు అడుగలేడు.

పని నేర్పుడు అంటే మన దగ్గర "చూసి నేర్సుకో" అనుడే. చూసి సగమే వస్తది. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు అమెరికాల మగోళ్ళు ఫౌజుకు పోయిన్రు, కార్ఖానాలల్లకు ఎన్నడు మిషను ముట్టనోళ్ళు వచ్చిన్రు, అండ్ల ఆడోళ్ళు మస్తుమంది. వాళ్ళకు బిరాన నేర్పుతందుకు అక్కడి సర్కారు ఒక పద్ధతి పెట్టింది. కొత్త మనిషిని ముందుగాల భయం లేకుండ కూసోబెట్టు, పని చేసి చూపెట్టుకుంట ఒక్కో మెట్టు చెప్పు, తర్వాత వానితోటే చేపియ్యి, ఆఖరుకు ఒక్కన్ని ఇడిసిపెట్టి మధ్యమధ్యల వచ్చి చూడు. నాలుగే మెట్లు. యుద్ధం అయినంక అది జపాన్‌కు పోయింది, టొయోటా అసొంటి కంపెనీలు దాన్ని పట్టుకున్నయి. మా ఊళ్ళె మొగ్గం నేసే పెద్దమనుషులు పిల్లలకు కండె చుట్టుడుకెల్లి మొదలుపెట్టి నేర్పింది కూడ ఇదే తీరు. వాళ్ళకు ఎవలు కార్డులు అచ్చుకొట్టియ్యలే.

ఎరువుల దుకాణమే తీసుకుందాం. యూరియా సీజన్ల లైను రోడ్డుదాక ఉంటది. రైతు ఆధార్ నంబరు కొట్టాలె, మిషన్ల వేలు పెట్టియ్యాలె, బస్తాల లెక్క ఎక్కాలె, స్టాకు దిగాలె. నిన్న చేరినోన్ని ఆ మిషను ముంగట కూసోబెడితె రైతులు తిడతరు, లెక్క తప్పుతది, సాయంత్రం సేటు కూడ తిడతడు. వాన్ని మొదటి రెండొద్దులు బస్తాల పేర్లు గుర్తుపట్టనియ్యాలె. డీఏపీ ఏది, పొటాష్ ఏది, ఏ కంపెనీది ఎక్కడ పెడతరు. మూడోనాడు మిషను నడిపే పాతోని పక్కన నిలబడాలె. నాలుగోనాడు పాతోడు పక్కనుంటే వాడు నడపాలె. మెడికల్ షాపుల ఇది ఇంకా గట్టిగుండాలె. డాక్టరు చీటి లేకుండ ఇయ్యొద్దన్న మందులుంటయి, పేర్లు ఒక్క అక్షరం తేడతోటి ఉంటయి. అక్కడ తొందర పడితె తిట్లతోటి పోయే పని కాదు, ఒకరి పానం మీదికొస్తది. ఫార్మసిస్టు చూడంది కొత్తోని చేతికెల్లి ఒక్క పట్టీ కూడ బయటికి పోవద్దు.

పాత మనిషిని ఒకన్ని జత చేసేటప్పుడు సేట్లు మరిచేది ఒకటుంటది. ఆ పాతోనికి కూడ పని తగ్గియ్యాలె. తన గిరాకిని చూసుకుంట, కొత్తోనికి నేర్పుమంటే ఆయన ఇసుక్కుంటడు. ఆ ఇసురు కొత్తోని మీద పడతది. నేర్పిన నెల ఆయనకు ఐదొందలు ఎక్కువియ్యి, ఎట్ల నేర్పుతడో చూడు.

గల్లా జోలికి మొదటి వారం కొత్తోన్ని పోనియ్యొద్దు. ఇది వాని మీద అనుమానంతోటి చెప్తలేను, వాన్ని కాపాడుతందుకు చెప్తున్న. రెండొందలు తక్కువొస్తే దుకాణంల అందరి చూపు కొత్తోని మీదనే పడతది, అండ్ల వాడు ఏ వాడకెల్లి వచ్చిండన్నది కూడ లెక్కలకొస్తది. తప్పదు, గల్లా కాడ కూసోబెట్టాలె అంటే, పొద్దున ఇద్దరు కలిసి లెక్కపెట్టాలె, రాత్రి ఇద్దరు కలిసి లెక్కపెట్టాలె, బుక్కుల ఇద్దరూ సంతకం పెట్టాలె.

ఈఎస్ఐ, పీఎఫ్ సంగతి బిరాన చెప్పి పోత. పదిమంది ఉన్న కాడ, నెలకు 21,000 లోపు జీతమున్నోళ్ళకు ఈఎస్ఐ ఉండాలె. మనిషి జీతంల 0.75 శాతం కడతడు, యజమాని 3.25 శాతం. 12,000 జీతానికి నీవి 90 రూపాయలు, సేటువి 390. దానికి నీకు, నీ ఇంటోళ్ళకు దవాఖాన ఉంటది. పని కాడ చెయ్యి ఇరిగితె మొదటి రోజయినా ఆసరా ఉంటది. అందుకే "మూన్నెల్లు చూసి ఎక్కిస్త" అనే మాట చెల్లది. మెట్ల మీదికెల్లి పడేటోడు మూన్నెల్లు ఆగి పడతడా? ఇరవై మంది ఉంటే పీఎఫ్, 12 శాతం నీది, అంతే సేటుది. ఇంతకుముందు ఎక్కడన్న చేసి యూఏఎన్ నంబరు ఉంటే అదే ఇయ్యి, కొత్తది తీపియ్యకు. రెండు నంబర్లయితే పైసలు తీసుకునేటప్పుడు తిప్పలైతది.

ఆడపిల్లలు చేరిన నాడు ఇంకోటి చెప్పాలె. ఎవడన్న చెయ్యి తగిలిచ్చినా, పిచ్చి మెసేజులు పెట్టినా ఎవలకు చెప్పాలె అనేది. 2013 చట్టం ప్రకారం పదిమంది ఉన్న కాడ లోపలనే కమిటీ ఉండాలె. అంతకంటే తక్కువుంటే, లేకపోతే తప్పు చేసింది సేటే అయితే, జిల్లాల లోకల్ కమిటీ ఉంటది, దానికి ఫిర్యాదు పెట్టొచ్చు. మూన్నెల్లల్ల పెట్టాలె. ఇది చదివే అన్నలు, చెల్లెండ్లకు ఈ సంగతి చెప్పుండ్రి. కొలువు మాన్పియ్యకుండ్రి. తప్పు వాడు చేస్తే ఇంట్ల కూసునేది ఈమెనా?

మీల కొందరు ఇప్పుడిప్పుడే సేట్లయితున్నరు. ఊళ్ళె మొబైల్ షాపు, జిరాక్సు సెంటరు, టిఫిన్ బండి పెట్టి, పక్కింటి తమ్మున్ని పెట్టుకున్నరు. "మనోడే కదన్నా, జీతమేందన్నా, ఖర్చులకిస్త" అంటరు. మనోడైతే ఇంకా ముందుగాల ఇయ్యాలె. పద్నాలుగేండ్లలోపు పిల్లగాన్నయితే అసలే పెట్టుకోవద్దు, బడికి పంపు. నిన్నటిదాక నిన్ను "అరేయ్" అన్నోని మీద కోపం నీకు యాదికుంటది కద, ఇయ్యాల నీ దుకాణంల పోరన్ని ఏమని పిలుస్తున్నవో చూసుకో.

వారం నిండిన నాడు సాయంత్రం షట్టరు దించేముందు పది నిమిషాలు కూసోవాలె. సేటు రెండే అడుగాలె. ఏది సమజైంది, ఏది కాలే? ఇబ్బందేమన్న ఉన్నదా? మొదటిసారి పిల్లగాడు "ఏం లేదన్నా" అనే అంటడు. రెండో వారం అడిగితె చెప్తడు.

సేటు ఇవేవీ చెయ్యడు, అప్పుడు నువ్వేం చేస్తవ్? కాగితం రాసియ్యకుంటే, ఫోన్ల మాట్లాడుకున్నది నువ్వే వాట్సాప్ల పెట్టు. "అన్నా, నెలకు 12,000, ఆదివారం సెలవు, సోమవారం నుంచి వస్తున్న" అని. ఆయన "సరే" అని కొడితె అది కూడ రుజువే. జీతం చేతికిస్తే, ముట్టినట్టు ఒక మెసేజ్ పెట్టు. ఫోన్‌పేల వేస్తే ఇంకా నయం. ఒక చిన్న నోటుబుక్కుల రోజూ ఎన్నింటికి పోయినవ్, ఎన్నింటికి ఇడిసిన్రు అని రాస్కో. జీతం ఎగబెడితె మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరికి దరఖాస్తు పట్టుకొని పోవచ్చు, వకీలు అక్కరలేదు. అక్కడ నిన్ను మొదలు అడిగేది, నువ్వు ఆ దుకాణంల పనిచేసినవని ఏమున్నది అని. అప్పుడు ఆ మెసేజు, ఆ నోటుబుక్కు తీసి టేబుల్ మీద పెట్టు.